గోడ మీద రాసి పెట్టండి

(మన సంఘం వార్షికోత్సవ సభలో గిరిజన సంక్షేమ హాస్టళ్ల మహిళా వార్డెన్ల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

జై ఆదివాసీ! జై సేవాలాల్!

పొద్దున్నుంచి పాటలు విన్నాం, ఆటలు చూశాం. ఇలాంటి సభలో యురేనియం గురించి, అణు కేంద్రాల గురించి మాట్లాడతామంటే కొందరికి ఆశ్చర్యంగానే ఉంటుంది. కానీ ఒక్క మాట ఆలోచించండి. తేనె తీసేటప్పుడు పాడే పాట బతకాలంటే తేనెపట్టు పట్టే చెట్టు ఉండాలి. ఆ చెట్టు ఉండాలంటే దాని కింద నీరుండాలి. ఆ నీరు మంచిదో కాదో మనకు తెలియాలి. మేము ఈ రోజు మాట్లాడేది ఆ చివరి మాట గురించే. తెలియడం గురించి.

ముందుగా మా పని గురించి రెండు మాటలు. మేమంతా టీచర్ ట్రైనింగ్ చేసి హాస్టళ్లలోకి వచ్చినవాళ్లం. హాస్టల్లో ఏ రోజు ఏం వండుతామో గోడ మీద మెనూ బోర్డు రాస్తాం. బియ్యం ఎంత వచ్చింది, ఎంత వాడాం, ఎంత మిగిలింది అన్నది స్టాక్ రిజిస్టర్లో ఉంటుంది. నీళ్ల ట్యాంకు కడిగిన తేదీ రాస్తాం. ఏఎన్ఎం వచ్చి వెళ్లిన తేదీ రాస్తాం. ఎవరు ఎప్పుడు తనిఖీకి వచ్చినా ఆ పుస్తకాలు ముందు పెట్టాలి. ఒక పిల్లకు వాంతులైతే పై అధికారికి ఫోన్ చేయాలి, తల్లిదండ్రులకు చెప్పాలి. దాచితే ఉద్యోగం పోతుంది.

ఇది బరువైన పనే అయినా న్యాయమైన పద్ధతి అని మేము నమ్ముతాం. ఎందుకంటే ఆ పిల్లలు మా పిల్లలు కారు. అమ్మానాన్నలు అడవిలో, చేనులో, ఎక్కడో దూరంగా ఉంటారు. వాళ్లు వచ్చి రోజూ చూసుకోలేరు. చూసుకోలేనివాళ్ల తరఫున బాధ్యత తీసుకున్నవాళ్లు అన్నీ గోడ మీద రాసి పెట్టాలి. ఇదే ప్రభుత్వం మాకు నేర్పిన పాఠం. మా ప్రశ్న ఒక్కటే. పప్పు, బియ్యం దగ్గర ఇంత ఖచ్చితంగా ఉన్న ఈ పాఠం, వేల ఏళ్లు ఉండిపోయే అణు వ్యర్థాల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వదులైపోతుంది?

2019 సంగతి మీలో చాలామందికి గుర్తుంది. ఆ ఏడాది మే నెలలో కేంద్ర అటవీ శాఖ సలహా కమిటీ, అమ్రాబాద్ టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అడిగింది అణు ఖనిజాల అన్వేషణ సంస్థ, ఏఎండీ. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఎక్కడో ఢిల్లీలో లేదు, హైదరాబాద్ బేగంపేటలోనే ఉంది. సుమారు 4,000 బోర్లు వేయాలన్నది ప్రతిపాదన. ఆ కమిటీ సమావేశపు మినిట్స్ బయటికి రావడంతో పత్రికలు రాశాయి, యువకులు చదివారు, నల్లమలను కాపాడుకుందామన్న మాట ఊరూరా పాకింది. గ్రామాలు తీర్మానాలు చేశాయి, బంద్‌లు పాటించాయి. సినిమా వాళ్లు, విద్యార్థులు, పట్నంలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు గొంతు కలిపారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఈ కథను మనం గెలుపు కథగా చెప్పుకుంటాం. అది నిజమే. కానీ అందులో ఇంకో సంగతి ఉంది. కదలిక మొదలైంది ఒక కాగితం బయట పడ్డాక. ఆ కాగితం ముందుగా మన పెంటకు రాలేదు. ఎవరూ వచ్చి, ‘ఇక్కడ బోరు వేస్తాం, ఇంత లోతు వేస్తాం, వేశాక ఇలా పూడుస్తాం, మీ చెలమకు ఏమీ కాదని ఈ పరీక్ష చెప్తోంది’ అని చెంచు అక్కకు చెప్పలేదు. ఆ రోజుల్లో పిల్లల్ని చూడటానికి హాస్టళ్లకు వచ్చిన తల్లిదండ్రులు మమ్మల్ని అడిగేవాళ్లు. ‘మేడమ్, బోర్లు వేస్తే ఊట ఎండిపోతుందా? రాయిలోంచి మందు బయటికొస్తుందా? మమ్మల్ని లేపేస్తారా?’ చదువుకున్నవాళ్లం కదా, మాకు తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. చేతికిచ్చి చదివి వినిపించడానికి ప్రభుత్వం వేసిన తెలుగు కరపత్రం ఒక్కటీ మా దగ్గరకు రాలేదు.

‘ఇది సర్వే మాత్రమే, గని కాదు’ అన్నారు. సర్వేకూ గనికీ తేడా ఉంది, ఒప్పుకుంటాం. అయితే సర్వే అయినా సరే, ఏం చేస్తారో చెప్పడానికి అడ్డేమిటి? చెప్పని చోట పుకారు పుడుతుంది. పుకారు పుట్టాక అధికారి నిజం చెప్పినా జనం నమ్మరు. అది జనం తప్పు కాదు.

అణు విషయాల్లో ఈ మౌనం ఈనాటిది కాదు. 1962 నాటి అణుశక్తి చట్టం సెక్షన్ 18 ప్రకారం అణు కేంద్రాల సమాచారం బయటికి రాకుండా ఆపే అధికారం కేంద్ర ప్రభుత్వానికి దక్కింది. 1995లో అణుశక్తి నియంత్రణ బోర్డు, అంటే ఏఈఆర్‌బీ, ఒక నివేదిక తయారు చేసింది. అప్పుడు బోర్డు ఛైర్మన్ డాక్టర్ ఎ. గోపాలకృష్ణన్. దేశంలోని అణు సంస్థల్లో సరిచేయాల్సిన భద్రతా అంశాలు సుమారు 130 ఉన్నాయని ఆ నివేదిక లెక్క తేల్చింది. పౌర హక్కుల సంఘం పీయూసీఎల్ ఆ నివేదిక బయట పెట్టమని కోర్టుకు వెళ్లింది. బొంబాయి హైకోర్టు కాదంది. 2004లో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్ 18ను సమర్థించింది. గమనించండి, ఆ నివేదిక రాసింది శత్రువులు కాదు, ఉద్యమకారులు కాదు. భద్రత చూడమని ప్రభుత్వమే పెట్టిన బోర్డు.

తర్వాత 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. తమిళనాడులోని కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం భద్రతా విశ్లేషణ నివేదిక, స్థల పరిశీలన నివేదిక ఇవ్వమని అక్కడి ఉద్యమకారుడు డాక్టర్ ఎస్.పి. ఉదయకుమార్ అడిగారు. 2012 ఏప్రిల్‌లో కేంద్ర సమాచార కమిషన్, రహస్యంగా ఉంచాల్సిన డిజైన్ వివరాలు తీసేసి మిగతాది ఇవ్వమని ఆదేశించింది. అణు విద్యుత్ సంస్థ ఇవ్వలేదు, ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంది. అదే కూడంకుళంలో 2019 అక్టోబరులో కంప్యూటర్లలోకి వైరస్ చొరబడిందని వార్త వచ్చింది. 29వ తేదీన అలాంటిదేమీ జరగలేదన్నారు. 30వ తేదీన నిజమేనన్నారు. అది పరిపాలన విభాగం కంప్యూటరేనని, కేంద్రం నడిపే వ్యవస్థకు సంబంధం లేదని వివరణ ఇచ్చారు. ఆ వివరణ నిజమే కావచ్చు. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే సగం భయం పుట్టేదే కాదు.

ఇప్పుడు మన జాతుల వాళ్లున్న చోటికి వద్దాం. జార్ఖండ్‌లోని తూర్పు సింగ్‌భూమ్ జిల్లా, జాదుగూడ. అక్కడ 1960ల చివర నుంచి యురేనియం తవ్వుతున్నారు. చుట్టూ ఉన్నది సంతాల్, హో, ముండా ప్రజలు. యురేనియం ఎలా తీస్తారో పిల్లలకు అర్థమయ్యేలా చెప్తాం. మన తుమ్మలపల్లె రాయి లాంటిదైతే, వెయ్యి కిలోలు తవ్వితే అందులో యురేనియం అరకిలో కూడా ఉండదు. రాయిని పిండి చేసి, రసాయనాలు కలిపి, ఆ కాస్త తీసుకుంటారు. మిగతా బురదంతా గొట్టాల్లో పంపి ఒక చెరువులో నింపుతారు. దాన్నే టెయిలింగ్ పాండ్ అంటారు. యురేనియం పోయినా, రాయిలో ఉన్న అణుధార్మికతలో ఎక్కువ భాగం ఆ బురదలోనే ఉంటుంది. అందులోని రేడియం సగానికి తగ్గాలంటే 1,600 ఏళ్లు పడుతుంది. అంటే ఆ చెరువుకు కాపలా మన మనవలకు మనవలు కూడా కాయాలి.

2006 డిసెంబరు 24న జాదుగూడ దగ్గర డుంగ్రీడీహ్ ఊరి పక్కన ఆ బురద మోసే గొట్టం పగిలింది. గంటల తరబడి వాగులోకి పారింది. ముందుగా చూసి కంపెనీకి చెప్పింది ఊరివాళ్లు. ఇంత పెద్ద సంస్థలో గొట్టం పగిలితే మోగే గంట లేదు. ఊరివాళ్ల కళ్లే గంట అయ్యాయి. అక్కడ పుట్టుకతో అవయవ లోపాలున్న పిల్లలు ఎక్కువని 2007లో డాక్టర్ల సంఘం ఒకటి సర్వే చేసి చెప్పింది. కంపెనీ దాన్ని ఒప్పుకోలేదు. ఎవరిది నిజమో తేల్చడానికి ఏళ్ల తరబడి అందరి ముందూ పెట్టిన ఆరోగ్య లెక్కలు ఉండాలి కదా? లెక్క లేకపోతే తల్లి మాటకు విలువ ఉండదు, కంపెనీ మాటకు నమ్మకం ఉండదు.

మన దగ్గరికి వస్తే, కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె. అక్కడి గని, శుద్ధి కర్మాగారం నడుస్తున్నాయి. టెయిలింగ్ పాండ్ చుట్టుపక్కల ఊళ్ల రైతులు బోర్ల నీళ్లు మారాయని, అరటి తోటలు ఎండుతున్నాయని, ఒంటి మీద దురదలు వస్తున్నాయని ఫిర్యాదు చేశారు. 2018లో శాస్త్రవేత్త డాక్టర్ కె. బాబూరావు గారు పాండ్ అడుగున వేయాల్సిన పొర సరిగా లేదని కాలుష్య నియంత్రణ మండలికి రాశారు. మండలి కంపెనీకి నోటీసు ఇచ్చింది. ఆ కాలుష్యానికి తమ పాండ్ కారణం కాదని కంపెనీ అంటోంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క పిల్లలు రాసుకోవాలి. లీటరు తాగునీటిలో యురేనియం 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన ఏఈఆర్‌బీ పెట్టుకున్న హద్దు 60. ఒక బోరులో 45 వచ్చిందనుకోండి. ఒక లెక్కలో ఆ నీరు ఫెయిలు, ఇంకో లెక్కలో పాసు. ‘నీళ్లు హద్దులోనే ఉన్నాయి’ అని అధికారి చెప్తే, ‘ఎంత వచ్చింది సార్, ఏ హద్దు సార్’ అని అడగాలి. అంకె చెప్పకుండా ‘బాగుంది’ అంటే అది ఫలితం కాదు, మాట మాత్రమే. పరీక్ష రాసిన పిల్లకు మార్కులు చెప్పకుండా ‘బాగానే రాశావులే’ అంటే ఊరుకుంటుందా?

ఇంకో ముఖ్యమైన సంగతి. తనిఖీ చేసేవాళ్లు ఎవరి కింద ఉండాలి? ఏఈఆర్‌బీని 1983 నవంబరు 15న పెట్టారు. అది అణుశక్తి కమిషన్‌కు జవాబుదారీగా ఏర్పడింది. ఆ కమిషన్‌కు ఛైర్మన్ అణుశక్తి శాఖ కార్యదర్శే. గనులు నడిపేదీ, రియాక్టర్లు నడిపేదీ ఆ శాఖ కింది సంస్థలే. మా భాషలో చెప్పాలంటే, వార్డెన్ దగ్గరే తనిఖీ అధికారి రిపోర్టు చేసినట్టు. 2012లో కాగ్ ఈ లోపాన్ని ఎత్తి చూపింది. బోర్డుకు తగిన చట్టబద్ధ స్థాయి, స్వతంత్రత లేవంది. అంతకు ముందు ఏడాది పార్లమెంటులో పెట్టిన అణు భద్రతా నియంత్రణ సంస్థ బిల్లు, ఆమోదం పొందకుండానే లోక్‌సభ గడువుతో పాటు మురిగిపోయింది.

2025 డిసెంబరులో పార్లమెంటు ‘శాంతి’ అనే పేరుతో కొత్త అణుశక్తి చట్టాన్ని ఆమోదించింది. 1962 చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టంలో ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా ఇచ్చారు. అది మంచి మాటే, మేము స్వాగతిస్తున్నాం. ప్రైవేటు కంపెనీలకూ తలుపు తెరిచారు. అయితే ఫలానా సమాచారం బయటికి రాకూడదని ప్రకటించే అధికారం మాత్రం ఇందులోనూ కేంద్రం చేతిలోనే ఉంది. కంపెనీలు పెరిగేకొద్దీ కిటికీలు కూడా పెరగాలి.

దానికి మూడు నెలల ముందు, 2025 సెప్టెంబరులో, కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. దీని బరువు మనకు బాగా తెలియాలి. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు దగ్గర, నాగార్జునసాగర్ జలాశయం పక్కన యురేనియం గనులు పెడతామన్నప్పుడు 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగింది. ఆ సభ ఉంది కాబట్టి తండా మనిషి మైకు ముందు నిలబడి మాట్లాడగలిగాడు. ప్రాజెక్టు కాగితాలు బయటికి వచ్చాయి. ఆ నీళ్లు తాగే హైదరాబాదు వాళ్లకు కూడా విషయం తెలిసింది. ఆ గనులు ఇప్పటికీ రాలేదు. ఇక ముందు అలాంటి సభే ఉండదంటే, అడగడానికి మైకు ఎక్కడుంటుంది?

పీసా చట్టం ఉంది కదా అంటారు. 1996 పీసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో కంకర, ఇసుక లాంటి చిన్న తరహా ఖనిజాలకు గ్రామసభ సిఫారసు తప్పనిసరి. యురేనియం చిన్న తరహా ఖనిజం కాదు. కాబట్టి కంకర తవ్వాలంటే మనల్ని అడగాలి, అణు ఖనిజం తవ్వాలంటే ఆ నిబంధన వర్తించదు. భూసేకరణకు ముందు సంప్రదించాలన్న నిబంధన మాత్రం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చిన బలం ఉంది. 2013లో నియమగిరిలో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 12 గ్రామసభలు పెడితే, డోంగ్రియా కోందులు పన్నెండింటిలోనూ బాక్సైట్ గని వద్దన్నారు. ఉన్న దారులు వాడుకుంటే పనిచేస్తాయనడానికి అది సాక్ష్యం.

ఎదుటివాళ్ల మాట కూడా న్యాయంగా విందాం. అణుశక్తి దేశ భద్రతతో ముడిపడింది, కొన్ని విషయాలు చెప్పకూడదు అంటారు. నిజమే. కాపలా ఎక్కడ ఉంది, ఇంధనం ఏ దారిన వెళ్తుంది, యంత్రం లోపల ఎలా ఉంటుంది అన్నవి మనకు అక్కర్లేదు, మనం అడగడం లేదు. రేడియేషన్‌తో క్యాన్సర్‌కు వైద్యం జరుగుతోంది, అణు విద్యుత్తుతో దీపాలు వెలుగుతున్నాయి, అదీ మనకు తెలుసు. మేము సైన్సుకు వ్యతిరేకులం కాము, సైన్సు చెప్పే టీచర్లం. కానీ మన బోరు నీళ్లలో ఏముందో చెప్తే ఏ శత్రువుకు లాభం? గొట్టం పగిలిందని మనకు చెప్తే ఏ రహస్యం బయట పడుతుంది? దేశ రహస్యం వేరు, ఊరి ఆరోగ్యం వేరు. ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టడమే మన అభ్యంతరం.

మరి మనం ఏం చేయాలి? యువకులు ఈ నాలుగు మాటలు గుర్తు పెట్టుకోండి.

మొదటిది, అడగడం నేర్చుకోండి. సమాచార హక్కు దరఖాస్తు తెలుగులోనే రాయొచ్చు. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. మన రాష్ట్ర కార్యాలయాల్లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, ప్రాణానికి సంబంధించిన విషయమైతే 48 గంటల్లో రావాలి. రాకపోతే అప్పీలు చేయండి.

రెండోది, ఒకే తలుపు కొట్టకండి. అణుశక్తి శాఖ రహస్యమంటే, భూగర్భ జల శాఖను అడగండి, కాలుష్య నియంత్రణ మండలిని అడగండి, అటవీ శాఖను అడగండి. వాళ్ల దగ్గరా కాగితాలుంటాయి. కొంత భాగం రహస్యమైనా మిగతా భాగం విడదీసి ఇవ్వాలని చట్టం సెక్షన్ 10 చెప్తోంది. రహస్యం కన్నా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని సెక్షన్ 8(2) చెప్తోంది. దరఖాస్తులో ఈ రెండు సెక్షన్లూ రాయండి.

మూడోది, మన లెక్క మనం రాసుకుందాం. ఏ బోరు లోతు ఎంత, ఏ చెలమ ఏ నెలలో ఎండింది, ఏ ఊట నీరు రంగు మారింది, ఊళ్లో ఏ జబ్బులు వస్తున్నాయి. హాస్టల్లో చదివే ప్రతి పిల్లా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటు పుస్తకంలో రాయగలదు. గని రాకముందు నీళ్లు ఎలా ఉన్నాయో తెలిస్తేనే, వచ్చాక మారాయో లేదో చెప్పగలం. జాదుగూడ తల్లులకు లేనిది ఆ పాత లెక్కే.

నాలుగోది, గ్రామసభ తీర్మానాన్ని నోటి మాటగా వదలకండి. తేదీ, సంతకాలు, వేలిముద్రలు, నకలు, ఐటీడీఏలో అందజేసిన రసీదు, అన్నీ ఉండాలి.

ప్రభుత్వాన్ని మేము కోరేదీ ఎక్కువేమీ లేదు. మేము ప్రభుత్వ కొలువులో ఉన్నవాళ్లమే, గౌరవంగానే అడుగుతున్నాం. అన్వేషణ అయినా, గని అయినా, రియాక్టరు అయినా, మొదలు పెట్టక ముందే చుట్టూ ఉన్న ఊళ్ల నీటి పరీక్షలు చేసి ఫలితాలను అంకెలతో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయండి. మూడు నెలలకోసారి మళ్లీ రాయండి. ప్రమాదం జరిగితే ముందు ఊరికి చాటింపు వేయించండి, తర్వాత పత్రికలకు చెప్పండి. అణు విద్యుత్ కేంద్రాల చుట్టూ 16 కిలోమీటర్ల దాకా అత్యవసర ప్రణాళిక ఉంటుంది. అలాంటి ప్రణాళిక ఏదైనా తెలుగులో, గోర్ బోలీలో, కోయలో, గోండిలో అందరికీ వినిపించండి. చదవలేని అవ్వకు కాగితం ఇచ్చి సంతకం తీసుకుంటే అది చెప్పినట్టు కాదు. ఎత్తి చూపినవాళ్లను అభివృద్ధికి అడ్డం అనకండి. డుంగ్రీడీహ్‌లో ఊరివాళ్లు చూడకపోతే ఆ బురద ఇంకెంతసేపు పారేదో ఆలోచించండి.

అడవిలో తేనె తీసేటప్పుడు పైన తాడు మీద వేలాడే మనిషి ప్రాణం, తాడు పట్టుకున్న మనిషి చేతిలో ఉంటుంది. తాడు ఎక్కడ నలిగిందో పట్టుకున్నవాడు దాచడు, వెంటనే కేకేసి చెప్తాడు. ఆ నమ్మకం మీదే మన పెద్దలు కొండ చరియల మీద బతికారు. ఈ రోజు మన నీళ్ల తాడు, గాలి తాడు ప్రభుత్వం చేతిలో ఉంది. కేకేసి చెప్పమనే మేము అడుగుతున్నాం.

భోజనాలయ్యాక సమాచార హక్కు దరఖాస్తు రాయడం నేర్పడానికి మేము చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చుంటాం. కాగితాలు, పెన్నులు మా దగ్గర ఉన్నాయి. ప్రశ్నలు మీరు తీసుకురండి.

జై ఆదివాసీ! జై సేవాలాల్!